చద్దివేళ ఎవరిది?

చద్దివేళ, అంబటిపొద్దు. పాత నిఘంటువుల్లో ఇవి కాలాన్ని సూచించే మాటలు. పొద్దు బారెడెక్కి, తెల్లవారుజామునే పొలానికి వెళ్ళినవాళ్ళు గట్టున కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే సమయం. గడియారాలు లేని ఊళ్ళలో పొద్దును తిండితో గుర్తుపెట్టుకున్నారన్నమాట. ఆ తిండి అప్పటికప్పుడు వండింది కాదు. నిన్న రాత్రి వండిన అన్నం, నిన్న కాచి ఉంచిన అంబలి. తెలుగు నేలమీద చాలా ఇళ్ళలో, చాలాకాలం, పొద్దుటి తిండికోసం పొద్దున్నే పొయ్యి రాజేయాల్సిన అవసరం లేదని ఈ రెండు మాటలూ మనకి చెబుతున్నాయి. మరి పొద్దున్నే పొయ్యి ఎప్పుడు వెలిగింది? ఎవరికోసం వెలిగింది? వెలిగించిన మనిషి ఎన్నింటికి నిద్ర లేచింది?

వంటిల్లు గురించి మన రచయిత్రులు చాలా రాశారు. విమల ‘వంటిల్లు’ కవితా, పి.సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ కథా చదవకుండా స్త్రీవాద సాహిత్యంలోకి వచ్చినవాళ్ళు మనలో ఎవరూ ఉండరు. ఆ రచనలు వంటిల్లనే స్థలాన్ని ప్రశ్నించాయి. నేనిక్కడ వంటింటి కాలం గురించి, అందులోనూ ఒక్క గంట గురించి మాట్లాడదల్చుకున్నాను. తెల్లవారుజామున అయిదు నుంచి ఎనిమిది దాకా నడిచే ఆ హడావుడిలో ఆడవాళ్ళు పోగొట్టుకున్న ఆ గంటకి ఒక చరిత్ర ఉంది. చద్దన్నం చరిత్ర అందులో ముఖ్యమైన అధ్యాయం.

ముందురోజే చేసిపెట్టుకునే తిండి రెండు రకాలు. ఈ తేడా గుర్తించకపోతే మిగిలినదంతా కలగాపులగం అయిపోతుంది. మొదటి రకంలో రాత్రంతా పనిచేసేది కాలం. మిగిలిన అన్నంలో మునిగేలా నీళ్ళు పోసి, కాస్త మజ్జిగ చుక్క వేసి మూతపెడితే చాలు. తెల్లారేసరికి సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, ఉంటే ఆవకాయ బద్ద. పాలూ పెరుగూ లేని ఇళ్ళలో తరవాణి ఉండేది. గంజినీ, బియ్యం కడిగిన నీళ్ళనీ ఒక కుండలో పోసి, రోజూ కొంత వాడుకుంటూ కొంత కలుపుతూ పులవనిచ్చేవాళ్ళు. ఆ పుల్లటి తేటే చద్దికి రుచీ, రక్షణా. తెలంగాణలో తైదలనీ, ఉత్తరాంధ్రలో చోళ్ళనీ, మిగతాచోట్ల రాగులనీ పిలిచే గింజ పిండిని నీళ్ళలో కలిపి పులియబెట్టి కాచే అంబలి కూడా ఈ కోవలోదే.

రెండో రకంలో రాత్రి పనిచేసేది ఆడమనిషి. మధ్యాహ్నం పప్పూ బియ్యమూ నానబోసి, సాయంత్రం రుబ్బురోలు దగ్గర కూర్చుని గంటసేపు రుబ్బి, పిండి పొంగుతుందో లేదోనని చూసుకుని పడుకుని, పొద్దున్నే లేచి ఇడ్లీ వేసి, చట్నీ నూరి, వేడివేడిగా వడ్డించడం. ఇది కూడా ముందురోజు ఏర్పాటే. కానీ పని తగ్గలేదు. పొద్దుటి పనిలో సగం సాయంత్రానికి జరిగింది, మిగతా సగం పొద్దున్నే ఉండిపోయింది. ఈ రోజుల్లో ఆదివారం పూటంతా కూరగాయలు తరిగి, ఓట్లు నానబెట్టి, వారానికి సరిపడా డబ్బాలు నింపి ఫ్రిజ్‌లో సర్దుకోమని ఉద్యోగినులకి ఇచ్చే సలహా కూడా ఈ రెండో రకమే. సెలవురోజుని పనిరోజుగా మార్చడాన్ని తీరిక అని పిలుస్తున్నాం.

సాహిత్యంలోకి వెళితే చద్దికి గౌరవమైన చోటే దొరుకుతుంది. పోతన భాగవతం దశమస్కంధంలో కృష్ణుడు గోపబాలురతో కలిసి అడవిలో చల్దులు ఆరగించిన ఘట్టం తెలుగువాళ్ళకి కంఠస్థం. ఆ అన్నం ముద్దా, వేళ్ళ సందున ఇరికించుకున్న ఊరగాయలూ, పిల్లల కేరింతలూ మనకి కళ్ళకు కడతాయి. మా డిగ్రీ తరగతిలో ఆ పద్యాలు చెప్పినప్పుడు భక్తి గురించీ, అలంకారాల గురించీ చర్చ నడిచింది. అంతమంది పిల్లలకి ఆ మూటలు కట్టిన తల్లులు ఏ జామున లేచారని ఎవరూ అడగలేదు. ‘ఆముక్తమాల్యద’లో వానాకాలం వర్ణన దీనికి మంచి జోడీ. తడిసిన కట్టెలు, పొగ, నిప్పుకోసం ఇల్లిల్లూ తిరిగే ఇల్లాళ్ళు. రాయలవారు ఆ అవస్థని గమనించి రాశారు. పొయ్యి రాజేయడమే ఒక యుద్ధమైన రోజుల్లో నిప్పు అవసరం లేని పొద్దు ఎంత విలువైనదో ఆ రెండు ఘట్టాలనీ పక్కపక్కన పెట్టి చదివితే తెలుస్తుంది. శ్రీనాథుడి పేరిట ప్రచారంలో ఉన్న చాటువుల్లో పల్నాటి జొన్నకూటిమీద వేళాకోళం ఉంది. ఆ జొన్నని దంచి, విసిరి, వండినవాళ్ళ మాట ఆ వేళాకోళంలో వినబడదు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువరించినప్పుడు రాజుల యుద్ధాలు పక్కనపెట్టి జనం ఏం తిన్నారో, ఏం కట్టుకున్నారో కావ్యాల్లోంచి వెతికి తీశారు. ఆ దారిలోనే ఇంకొక్క అడుగు వేసి, ఆ తిండి వెనక ఎవరి నిద్ర ఖర్చయిందో వెతకడం మన వంతు.

అయితే చద్ది అందరికీ ఒకటే చద్ది కాలేదు. బతుకమ్మ తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ. ఆరోజు ఆడవాళ్ళు పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది కలిపి మూటకట్టుకుని చెరువు దగ్గరికి పోతారు. ఆడి పాడి, ఒకరి సద్ది ఒకరికి పంచుకుంటారు. ఎవరికీ వడ్డించకుండా తాము కూర్చుని తినే తిండి అది. సంవత్సరానికి ఒక్కరోజు. మిగిలిన రోజుల్లో సద్ది అంటే అందరూ తిన్నాక అడుగున మిగిలింది. దొరల ఇళ్ళల్లో, పెద్ద కమతాల్లో పనిచేసే జీతగాళ్ళకీ పాలేర్లకీ పెట్టే పాచి అన్నం కూడా చద్దే. పెరట్లో కూర్చోబెట్టి, చేతులు తగలకుండా దొప్పలోకో దోసిట్లోకో వంచిన అన్నం అది. దళిత స్త్రీల జ్ఞాపకాల్లో ఈ చద్దికి తీపి లేదు. చద్దన్నం మన సంస్కృతి, మన ఆరోగ్యం అని ఇప్పుడు మురిసిపోయే ముందు అది కొందరికి ఎంపికగానూ, కొందరికి కూలిగానూ, కొందరికి అవమానంగానూ దక్కిందని గుర్తుంచుకోవాలి. శాకాహారం విషయమూ అంతే. చద్దిలోకి ఉల్లిపాయా మిరపకాయా మాత్రమే ఉన్నాయంటే అది చాలా ఇళ్ళలో నియమంవల్ల కాదు, లేమివల్ల. ఎండుచేప దొరికిన రోజు అదీ నంజుకున్నారు.

కష్టకాలంలోనే చద్ది అసలు సంగతి తెలుస్తుంది. నాట్ల కాలాన్ని తీసుకుందాం. వాన పడిందంటే పదిహేను ఇరవై రోజుల్లో నాట్లు పూర్తికావాలి. నాట్లు వేసేది ఆడవాళ్ళే. చీకటితోనే లేచి, పేడ తీసి, నీళ్ళు మోసి, చంటిపిల్లకి పాలిచ్చి, తెల్లారేసరికి మడిలో ఉండాలి. ఆ రోజుల్లో పొద్దుటి వంట అనేది వీలయ్యే పని కాదు. సూర్యాపేట దగ్గరి పల్లెలో మా అమ్మమ్మ ముప్ఫై ఏళ్ళకు పైగా అలాగే నాట్లకు పోయింది. రాత్రి వండేటప్పుడే రెండు గిద్దెలు ఎక్కువ పోసేదట. “సద్ది లేకుంటె నాకు నిద్ర యాడిది బిడ్డా?” అనేది. సద్ది ఒంటికి మంచిదని ఆమె ఎన్నడూ అనలేదు. ఆమె లెక్కలో సద్ది అంటే నిద్ర. కోడి కూసేదాకా పడుకోగలగడం.

కరువుల్లో ఇది ఇంకో రూపం తీసుకుంది. 1876-78 కరువులో మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలు కూడా మాడిపోయాయి. 1877లో రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో కూలికి రోజుకి ఒక పౌను ధాన్యం సరిపోతుందని లెక్కకట్టాడు. శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ అది మనిషి బతకడానికి చాలదని గట్టిగా వాదించాడు. పౌను చాలా, పౌనున్నర కావాలా అన్న వాదన చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది. కానీ ధాన్యం తినడానికి పనికొచ్చే తిండి కావాలంటే దాన్ని దంచాలి, చెరగాలి, నీళ్ళు తేవాలి, కట్టెపుల్లలు ఏరాలి, కాచాలి. పగలంతా మట్టి మోసి రాళ్ళు కొట్టిన ఆడవాళ్ళకి ఈ రెండో కూలి ఏ లెక్కలోనూ లేదు. అరపూట గింజల్ని నీళ్ళతో సాగదీసి, ఇంటిల్లిపాదికీ మర్నాటిదాకా ఆకలి ఆపగలిగిన విద్య అంబలి. దాన్ని వంటకం అనడంకన్నా కరువు నిర్వహణ అనడం నిజానికి దగ్గరగా ఉంటుంది.

తెలంగాణ సాయుధ పోరాట కాలానికి వస్తే మనకి గొప్ప ఆధారం ఉంది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకంలో స్త్రీలు తమ గొంతుతో తాము చెప్పుకున్న అనుభవాలున్నాయి. దళాలకి అన్నం వండి, పోలీసుల కన్నుగప్పి చేలల్లోకీ గుట్టల్లోకీ చేరవేసినవాళ్ళు అందులో కనబడతారు. ఉద్యమంలో చేరిన తర్వాత కూడా వంటపని తమకే ఎందుకు రావాలని నిలదీసిన గొంతులూ వినబడతాయి. ఆ మూటలు లేకపోతే పోరాటం ఒక వారం కూడా నడిచేది కాదు. అయినా అమరుల స్తూపాలమీద తుపాకీ ఉంటుంది తప్ప అన్నం మూట ఉండదు.

ఇక పొద్దున్నే పొయ్యి వెలిగించే అలవాటు ఎలా వచ్చింది? అట్లూ, కుడుములూ, దిబ్బరొట్టెలూ తెలుగిళ్ళకి కొత్త కాదు. పండగకో, చుట్టాలొస్తేనో, ఉపవాసం నాటి రాత్రికో వండేవి. వాటిని ప్రతిరోజూ పొద్దున్నే తప్పనిసరి చేసింది ఇరవయ్యో శతాబ్దపు మధ్యతరగతి. టిఫిన్ అనే మాటే ఆంగ్లో ఇండియన్ల నోట పుట్టింది. కచేరీకి, కాలేజీకి గంట కొట్టే వేళకి వెళ్ళాల్సిన మగవాళ్ళ కోసం ఇంటి పొద్దు మారిపోయింది. కాఫీ హోటళ్ళు రుచిని నేర్పాయి, ఆ రుచిని ఇంట్లో చేసిపెట్టే బాధ్యత ఇల్లాలిది అయింది. కాఫీ రాకతో తమిళ మధ్యతరగతి ఇల్లు ఎలా మారిందో ఎ.ఆర్.వెంకటాచలపతి వివరంగా రాశారు. తెలుగు టిఫిన్ గురించి అలాంటి అధ్యయనం మనం చేయాల్సి ఉంది. చద్దన్నం నాజూకు లేని తిండి అయింది. పిల్లవాడు బడిలో ‘చద్దన్నం తిని వచ్చాను’ అని చెప్పడానికి సిగ్గుపడే రోజు వచ్చింది. ఆ సిగ్గుని కడిగేందుకు తల్లి అయిదింటికి లేవడం మొదలుపెట్టింది.

సాంకేతికత ఆమెను రక్షించిందా? అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ అనే పుస్తకంలో ఈ ప్రశ్ననే వేసింది. ఇంట్లోకి యంత్రం వచ్చినప్పుడల్లా మగవాళ్ళూ పిల్లలూ చేసే పనులు తగ్గాయనీ, ప్రమాణాలు పెరిగి తల్లి పని అలాగే ఉండిపోయిందనీ ఆమె చూపించింది. మన దగ్గరా అదే జరిగింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద పేద స్త్రీలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. పొగ తగ్గడం చిన్న విషయం కాదు, ఊపిరితిత్తులకి అది విముక్తే. మిక్సీలు, గ్రైండర్లు భుజాల నొప్పి తగ్గించాయి. కానీ పొయ్యి వెలిగించడం తేలికైన కొద్దీ వేడిగా కావాలనే డిమాండ్ పెరిగింది. ఒకరికి ఇడ్లీ, ఒకరికి దోసె, ఇంకొకరికి ఉప్మా వద్దు.

మరోవైపు గింజే మారిపోయింది. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. ఆకలిని ఆపిన పథకం అది, దాన్ని తక్కువ చేయడం తగదు. అయితే జొన్న, తైద, కొర్ర తినే మెట్ట ప్రాంతాల పళ్ళేల్లోకి తెల్లన్నం వచ్చింది. పండించే ఆడవాళ్ళ చేతుల్లోని విత్తనాలు క్రమంగా జారిపోయాయి. ఈ మాట మొదట గట్టిగా అన్నది జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని స్త్రీలు, ఎక్కువమంది దళిత స్త్రీలు. పడావు భూముల్ని సాగులోకి తెచ్చి, జొన్నలూ కొర్రలూ పండించి, తమ ఊళ్ళలో తమదైన రేషను వ్యవస్థ నడిపారు. 2008లో మాచునూరులో సంఘం రేడియో మొదలుపెట్టి తమ తిండి గురించి తామే మాట్లాడారు. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించే నాటికి ఈ స్త్రీలు ఆ పని మొదలుపెట్టి మూడు దశాబ్దాలు దాటింది. పట్నం సూపర్‌మార్కెట్లో అందమైన పొట్లంలో అమ్మే రాగి మాల్ట్ మీద వాళ్ళ ప్రస్తావన ఉండదు.

నా సొంత అనుభవం ఇక్కడ చెప్పాలి. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ మొదలైనప్పుడు నా సిద్ధాంతగ్రంథం చివరి రెండు అధ్యాయాలు మిగిలి ఉన్నాయి. గైడుగారు గడువు పొడిగించడానికి సుముఖంగా లేరు. “ఇంట్లోనేగా ఉంటున్నారు, బోలెడు టైము” అన్నారు. ఇంట్లో ఆరుగురం. పనిమనిషి రావడం ఆగింది, ఆమెకి జీతం పంపడం తప్ప ఆమె పిల్లల పొద్దు ఎలా గడుస్తోందో నాకు తెలిసే వీలు లేదు. అమ్మాయికి బడి లేదు, ఆయనకి ఆఫీసు లేదు. అందరూ ఇంట్లోనే ఉన్నారు కాబట్టి మూడుపూటలా వంటిల్లు మండుతూనే ఉంది. రాయడానికి నాకు మిగిలింది తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు దాకా. ఏడున్నరకి టిఫిన్ కావాలంటే ఆరింటికే కలం పెట్టేయాలి. రెండు వారాలు చూసి, పొద్దున్నే పొయ్యి వెలిగించడం మానేశాను. రాత్రి అన్నం ఎక్కువ వండి సద్ది పెట్టాను. వారంలో రెండురోజులు తైద అంబలి.

“పొద్దున్నే పాచన్నమా?” అన్నారు ఆయన. ఆశ్చర్యం అక్కడ కాదు, మా అత్తయ్యగారి దగ్గర ఎదురైంది. ఆమెది కృష్ణాజిల్లా. చద్దన్నం పేరెత్తగానే సంతోషిస్తారనుకున్నాను. ఆమె పళ్ళెం వంక చూసి, “ఇది మగాళ్ళకి పెడతావేంటమ్మాయ్? మా అత్తగారింట్లో ఇది మాకే” అన్నారు. తర్వాత మెల్లిగా విషయం చెప్పారు. వాళ్ళింట్లో పొద్దున్నే మామగారికీ, మగపిల్లలకీ వేడి ఇడ్లీ. కోడళ్ళకి నిన్నటి అన్నం, పెరట్లో నిలబడి. ఇడ్లీ మిగిలితే తినొచ్చు. మిగిలేది కాదు. ఇరవై ఏళ్ళు ఇడ్లీ వేసిన మనిషి దాన్ని వేడిగా తిన్నది లెక్కపెట్టుకోగలిగినన్ని సార్లే. మా అమ్మమ్మకి సద్ది నిద్రనిచ్చింది. మా అత్తయ్యగారికి చద్ది ఆమె స్థానం ఏమిటో రోజూ గుర్తుచేసింది. ఒకే తిండి, రెండు చరిత్రలు. ఒకచోట ఇంట్లో అందరూ అదే తిన్నారు, ఇంకోచోట ఆడవాళ్ళే తిన్నారు. తేడా అంతా ఇందులోనే ఉంది.

మా ఇంట్లో ఆ వేసవంతా అందరమూ అదే తిన్నాం. అత్తయ్యగారు కూడా, బల్ల దగ్గర కూర్చుని. నాకు రోజుకి గంటన్నర మిగిలింది. ఆ గంటన్నరల్లోనే చివరి అధ్యాయం పూర్తయింది.

ఒక ఇంటి అనుభవం పక్కనపెట్టి దేశం మొత్తంమీద చూద్దాం. 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనిలో ఏదో ఒకరోజు పాల్గొన్న స్త్రీలు 81.2 శాతం, పురుషులు 26.1 శాతం. పాల్గొన్న స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు ఖర్చుపెట్టారు. 2024 సర్వేలో స్త్రీల సమయం 289 నిమిషాలకి వచ్చింది, పురుషులది 88కి తగ్గింది. అయిదేళ్ళలో ఒక మహమ్మారి వచ్చి ఇంటిల్లిపాదినీ ఇంట్లో కూర్చోబెట్టి వెళ్ళింది. స్త్రీలకి తగ్గింది పది నిమిషాలు. పురుషులు తమకి తాము తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు.

ఇప్పుడు చద్ది తిరిగి వస్తోంది, కొత్త బట్టలు కట్టుకుని. 2021లో ఆస్ట్రేలియా మాస్టర్‌చెఫ్ పోటీ ఫైనల్లో బంగ్లాదేశ్ మూలాలున్న కిశ్వర్ చౌధురి పాంతాభాత్‌ని వడ్డించినప్పుడు ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. ఒడియావాళ్ళ పఖాళ, తమిళుల పళయ సోరు, మలయాళీల పళంకంజి, అస్సామీల పొయితా భాత్ అన్నీ ఒక్కసారిగా వార్తల్లోకి ఎక్కాయి. వలస కుటుంబపు స్త్రీ తన తిండిని సిగ్గుపడకుండా అంతటి వేదికమీద పెట్టడం నాకు గర్వంగానే అనిపించింది. ఆ వెంటనే వచ్చిన ఆరోగ్య ప్రచారం మాత్రం వేరే. రాత్రంతా నానితే అన్నంలో ఇనుము ఇరవై రెట్లు పెరుగుతుందని ఫోన్లలో తిరుగుతోంది. కుండలోకి బయటినుంచి చేరితే తప్ప ఇనుము దానంతటది పుట్టదు. పులిసినప్పుడు ఫైటేట్లు తగ్గి, ఉన్న ఇనుమే ఒంటికి తేలిగ్గా పడుతుంది. చల్లారిన అన్నంలో కొంత పిండిపదార్థం నెమ్మదిగా అరిగే రకంగా మారుతుంది. ఇవి మంచి విషయాలే. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. తరతరాలుగా చద్ది తిన్న ఆడవాళ్ళ మనవరాళ్ళు వీళ్ళు. ఆఖరున తినే మనిషికి ఏ తిండీ మందు కాదు. పప్పూ, ఆకుకూరా, గుడ్డూ ముందు ఎవరి పళ్ళెంలో పడుతున్నాయన్నది తేలకుండా చద్దిని ఔషధంగా అమ్మడం ఆ ఆకలిని కప్పిపుచ్చడమే.

పొద్దుటి తిండిని ఆరోగ్యం పేరిట వ్యాపారం చేయడం మన దగ్గర మొదలైంది కాదు. 1994లో మన మార్కెట్లోకి వచ్చిన కెల్లాగ్స్ అట్టపెట్టె వెనక అమెరికాలోని బాటిల్ క్రీక్ శానిటోరియం ఉంది. మాంసం లేని, ఒంటికి మంచిదైన తిండికోసం అక్కడ ప్రయోగాల వంటిల్లు నడిపిన మనిషి ఎల్లా ఈటన్ కెల్లాగ్. 1892లో ‘సైన్స్ ఇన్ ద కిచెన్’ అనే పెద్ద పుస్తకం రాసింది. లోకం గుర్తుపెట్టుకున్నది ఆమె భర్తనీ, మరిదినీ. మన తైద అంబలికీ రేపు అదే గతి పట్టొచ్చు. పేటెంటు ఒకరిది, లాభం ఒకరిది, చేతులు ఎవరివో.

బడుల్లో కూడా ఇదే ప్రశ్న. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పిల్లలకి పొద్దున్నే రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. ఏమీ తినకుండా బడికి వచ్చే పిల్లలకి అది ఎంత అవసరమో పల్లె బడుల్లో పాఠం చెప్పిన వాళ్ళకి తెలుసు. ఇంట్లో తల్లికి ఒక పొద్దు మిగిలించే పని కూడా అది. కానీ ఆ జావ కాచడానికి ఇంకో ఆడమనిషి తన ఇంట్లో పొయ్యి వదిలి బడికి ముందుగా రావాలి. మధ్యాహ్న భోజనం వండే స్త్రీలకి 2009లో కేంద్రం నిర్ణయించిన గౌరవ వేతనం నెలకి 1000 రూపాయలు. ఆంధ్రప్రదేశ్ 2019లో దాన్ని 3000 చేసింది. వేతనం అనే మాటకి ముందు గౌరవం అని చేర్చింది ఎందుకంటే కనీస వేతనం అనకుండా తప్పించుకోవడానికి. ఒక తల్లి పొద్దుని మరో తల్లి పొద్దుతో, అదీ ఇంత చౌకగా, మార్చుకోవడాన్ని సంక్షేమం అని సరిపెట్టుకోలేం.

అందుకని చద్దిని తలకెత్తుకోవడమూ, పాచి అని తోసేయడమూ రెండూ మనకి పనికిరావు. ఏ తిండినైనా మూడు ప్రశ్నలతో చూడొచ్చు. దీన్ని చేసినవాళ్ళకి ఇది గంట మిగిల్చిందా, గంట తిన్నదా? ఇంట్లో అందరూ ఇదే తింటున్నారా, కొందరేనా? ఎంచుకున్నారా, వేరే గతిలేక తిన్నారా? ఈ ప్రశ్నలకి జవాబులు శాసనాల్లో దొరకవు, కావ్యాల్లో అరకొరగా దొరుకుతాయి. అవి ఉన్నది మన ఇళ్ళలోని పెద్దవాళ్ళ దగ్గర. మౌఖిక చరిత్రలు సేకరిస్తున్న మనం వాళ్ళని పెళ్ళి గురించి, కాన్పుల గురించి, ఉద్యమాల గురించి అడుగుతున్నాం. వాటితోపాటు పొద్దున ఎన్నింటికి లేచేవారో, మొదట ఏం తిన్నారో, కూర్చుని తిన్నారో నిలబడి తిన్నారో కూడా అడిగి రాసుకుందాం. మా అత్తయ్యగారి వయసువాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు.